జింకు మీద రంగు

ఐజాక్ గురించి క్లబ్బు సంచికలో వేసుకుంటాం, నాలుగు ముక్కలు చెప్పమని నా దగ్గరికి వచ్చారు. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు! వాడి భార్యని అడగొచ్చు, వాడి చర్చి పాస్టరు గారిని అడగొచ్చు. వాడితో రెండేళ్ళు కలిసి పనిచేసింది నేనే కాబట్టి నన్ను అడిగారట. సరే, చెప్తాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, వాడంటే నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, అన్నం దగ్గర వాడి పేరు వినబడితే నోట్లో ముద్ద చేదెక్కేంత కుళ్ళు. అది గుర్తు పెట్టుకుని వినండి.

నా పేరు గంగరాజు. మాది తాళ్ళరేవు. మా తాత, మా నాన్న చెక్క నావల అడుగుకి రంగులు వేసి బతికినవాళ్ళు. నేను పద్దెనిమిదేళ్ళుగా కాకినాడ ఉప్పుటేరు ఒడ్డునున్న తెరచాప పడవల క్లబ్బులో పనిచేస్తున్నాను. పడవ అడుగు చూసుకోవడం నా పని. నీళ్ళలో ఉన్న పడవకి నెల తిరిగేసరికి పాచి పడుతుంది, ఆ తర్వాత గుల్లలు అతుక్కుంటాయి. గుల్లలు పట్టిన పడవకి ఎంత గాలి వచ్చినా ముందుకి పోదు. అందుకని నెలకోసారి నీళ్ళలో మునిగి గోకాలి, ఏడాదికోసారి ఒడ్డుకి లాగి రంగెయ్యాలి. రెండూ నేనే చేసేవాణ్ణి. మూడేళ్ళ కిందట నా ఎడమ చెవిలో చీము పట్టి, డాక్టరు మునగొద్దన్నాడు. క్లబ్బు పెద్ద ఉదయభాస్కర్ గారు మునిగే పనికి ఇంకో మనిషిని తెచ్చారు. ఆ మనిషే ఐజాక్.

వాడిది కొవ్వూరు దగ్గర చిన్న పల్లె. తండ్రి పొలం కూలీ, ఆదివారం లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడు. వీడు చిన్నప్పుడు బావుల్లో పడ్డ బిందెలూ చేదలూ తీసిపెట్టేవాడట. మునిగితే ఎంతకీ పైకి రాడని ఆడవాళ్ళు గట్టు మీద కేకలు పెట్టేవారట. పెద్దయ్యాక పట్టిసీమలో, గోదావరి నీళ్ళు తోడే చోట ఒక కాంట్రాక్టరు కింద చేరాడు. వరదకి కొట్టుకొచ్చిన చెత్త జాలీలకి అడ్డం పడితే మునిగి లాగెయ్యాలి. ఆ ఎర్రనీళ్ళలో కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. చేత్తో చూడటం వాడు అక్కడ నేర్చుకున్నాడు.

ఆ చెయ్యే నా ప్రాణం తీసింది. మా ఉప్పుటేరు నీళ్ళూ బురదే కదా. నేను మునిగినప్పుడు గోకుడు చెక్క పట్టుకుని ముందు నుంచి వెనక్కి గోక్కుంటూ పోయేవాణ్ణి, అంతే. వాడు అలా కాదు. గ్లౌజు తీసేసి ఉత్త అరచెయ్యి పడవకి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా తడుముతాడు. పైకొచ్చి, "కుడివైపు చుక్కానికి బారెడు ఇవతల వెంట్రుకంత పగులుందండి" అంటాడు. ఒడ్డుకి లాగి చూస్తే సరిగ్గా అక్కడే ఉంటుంది! నేను అదే పడవకి అంతకుముందు నెలే రంగేసి ఉంటాను. నా కళ్ళకి కనబడనిది వాడి చేతికి కనబడింది. ఒళ్ళు మండదా మరి?

ఇంక క్లబ్బులో ఎవరి నోట విన్నా ఐజాకే. "ఐజాక్ చూశాడా?" "ఐజాక్ బాగుందన్నాడా?" "ఐజాక్ వచ్చాకే దింపుదాం." నేను అక్కడే రంగు డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాను. నా రంగు అద్దంలా మెరుస్తూ ఉంటుంది, దాని గురించి ఒక్కరూ ఒక్క మాట అనరు. ఇంటికి పోయి చిట్టెమ్మ దగ్గర గోల పెడితే, మా ఆవిడ కదా, నా వైపు మాట్లాడాలి కదా! "బాగా మునుగుతాడంటగా పాపం" అంది. కంచం పక్కకి తోసేశాను.

ఇక్కడ జింకు గురించి చెప్పాలి. ఐదేళ్ళ కిందట క్లబ్బులో చెక్క పడవలు తీసేసి ఫైబర్ పడవలు తెచ్చారు. వాటికి చుక్కాని దగ్గర, నీళ్ళ కింద, అరచేతంత జింకు బిళ్ళ ఒకటి బిగించి ఉంటుంది. అదెందుకో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. లారీకి కట్టే దిష్టిబొమ్మ లాంటిదేదో అనుకున్నాను. మా ఇంట్లో నేర్పింది ఒకటే, పడవ అడుగున ఆవగింజంత చోటు కూడా రంగు లేకుండా వదలకూడదు. చెక్క నావకి రంగు తగలని చోటే పురుగు దూరి లోపలంతా తొలిచేస్తుంది. చిన్నప్పుడు నేను ఎక్కడైనా వదిలేస్తే మా నాన్న బ్రష్షు తిరగేసి వేళ్ళ మీద కొట్టేవాడు. అందుకని ఆ జింకు బిళ్ళకి కూడా శుభ్రంగా రెండు పూతలు వేసేవాణ్ణి. ఏడాది పోయాక చూస్తే బిళ్ళ చెక్కుచెదరకుండా ఉండేది. పక్కన చుక్కానిని పట్టి ఉంచే ఇనుప కడ్డీని మాత్రం తుప్పు తినేసేది. ఉప్పునీళ్ళు కదా, ఇనుము ఉంటుందా అనుకుని కొత్త కడ్డీ వేయించేవాళ్ళు.

ఐజాక్ వచ్చిన మొదటి నెలలోనే నా పక్కకొచ్చి నసిగాడు.

"గంగరాజు గారూ, జింకు మీద రంగు ఉండకూడదేమోనండి. పట్టిసీమ జాలీలకి బిగించే జింకుకి మా కాంట్రాక్టరు వెయ్యనిచ్చేవాడు కాదండి."

"ఏంటయ్యా, నిన్నగాక మొన్న వచ్చి నాకు రంగు నేర్పుతావా? మా తాత రంగేసిన నావలు రంగూన్ వెళ్ళొచ్చాయి, తెలుసా నీకు?"

"తప్పయిపోయిందండి" అని తలొంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్కడితో ఆగిపోయేదేమో. కానీ పోయిన వేసవిలో ఉదయభాస్కర్ గారు ఒక కబురు చెప్పారు. వచ్చే ఏడాది దక్షిణపు గాలి తిరగ్గానే తన పడవ 'వెంకటదుర్గ' మీద తెరచాప ఎత్తుకుని వైజాగ్ దాకా వెళ్తారట. ఆయనా, ఆయన స్నేహితుడూ, సాయానికి ఒక పనివాడు. ఆ పనివాడు ఎవరనుకున్నారు? ఐజాక్!

నాకు యాభై రెండేళ్ళు. ఎన్ని పడవల అడుగులు చూశానో నాకే తెలియదు. తెరచాప ఎత్తిన పడవలో కూర్చుని రేవు దాటి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా పోలేదు. మా తాత తను నావెక్కి వెళ్ళొచ్చిన రంగూన్ కబుర్లు చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నవాణ్ణి. నిన్న మొన్న కొవ్వూరు నుంచి వచ్చినవాడికి ఆ చోటు ఇచ్చేశారు. వాడు సిగ్గుపడుతూ "మీ దయండి" అని నవ్వుతుంటే నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. దాచడం ఎందుకు, వాడి కాలో చెయ్యో విరిగితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే నాకు దొరికిపోయాడు. వాడు ఆరబెట్టిన తీగ బ్రష్షు చూస్తే దాన్నిండా నా ఎర్రరంగు పెళ్ళలు! తెల్ల పడవ ఒకటి ఒడ్డు మీద ఉంటే వెళ్ళి చూశాను. జింకు బిళ్ళ మీద నా రంగు మొత్తం గోకేసి ఉంది, బిళ్ళ నిండా చిల్లులు. నా పని చెడగొట్టడానికే చేస్తున్నాడు అనుకున్నాను. ఇంకేం కావాలి నాకు! ఆ బిళ్ళ ఊడదీశాను. దాని చోట కొత్తది ఉత్తదే బిగించేశాను, రంగెయ్యడానికి కూడా ఆగలేదు. కొట్టు గదిలో వెంకటదుర్గకి వాడు రాకముందు తీసిన పాత బిళ్ళ పడి ఉంటే దాని రంగు వలిచి తుడిచాను. రెండూ పట్టుకెళ్ళి, వరండాలో అందరూ కూర్చుని ఉండగా బల్ల మీద పెట్టాను.

"ఇది వాడు రాకముందు నేను రంగేసి కాపాడిన బిళ్ళండి. ఇది వాడు గోకిన బిళ్ళండి. ఏది బాగుందో మీరే చెప్పండి."

నాది నిన్న కొన్నట్టు నున్నగా ఉంది. వాడిది ఎలకలు కొరికిన కొబ్బరి చిప్పలా ఉంది. అందరూ నా బిళ్ళే చూపించారు.

"ఏంటి ఐజాక్, ఇది నువ్వు గోకడం వల్లేనా?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"రంగు గోకానండి. కానీ బిళ్ళ అరగాలండి. అది అరక్కపోతేనే..."

"విన్నారాండి?" అని నేను అందుకున్నాను. "సామాను అరగాలంట! అరిగితేనే మంచిదంట!"

అందరూ గొల్లుమన్నారు. పదిమందిలో మాట్లాడాలంటే ఐజాక్‌కి నోరు పెగలదు. ఏదో చెప్పబోయి, చేతులు రెండూ పట్టుకుని నిలబడిపోయాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు. వాడు తీగ బ్రష్షు కడిగి, మేకుకి తగిలించి, నాక్కూడా దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఇంటికెళ్ళి చిట్టెమ్మ చేత కోడికూర వండించుకున్నాను. ఆ వారంలోనే వెంకటదుర్గని లాగించి, కొత్త బిళ్ళ వేయించి, దాని మీద రెండు కాదు, మూడు పూతలు వేశాను.

చెవి నయమైందని మునిగే పని కూడా మళ్ళీ నేనే తీసుకున్నాను. వైజాగ్ పడవలో చోటు నాకే ఇచ్చారు. ఎనిమిది నెలలు గాల్లో తేలాను.

ఈ మార్చిలో, బయల్దేరడానికి రెండు రోజుల ముందు, చివరిసారి అడుగు చూసి రమ్మన్నారు. మునిగాను. ఏం బుద్ధి పుట్టిందో, వాడిలా చేద్దామనిపించింది. వాడికి చేతనైంది నాకెందుకు చేతకాదు? గ్లౌజు తీసి పైనున్న వాళ్ళకి ఇచ్చి, ఉత్త చెయ్యి ఆనించి తడుముకుంటూ చుక్కాని దాకా వచ్చాను. కడ్డీ చేతికి తగిలింది. బొటనవేలంత లావుండాల్సిన కడ్డీ చిటికెనవేలంత ఉంది. అంతా గుంటలు. గోరు పెడితే పొట్టు రాలుతోంది. పక్కన జింకు బిళ్ళ నా మూడు పూతల కింద నున్నగా, పిల్లాడి బుగ్గలా ఉంది.

పైకొచ్చి ఊపిరి పీల్చుకుని, పక్కనే కట్టి ఉన్న తెల్ల పడవ కిందకి వెళ్ళాను. దాని యజమాని ఊళ్ళో లేక ఈ ఏడాది దానికి రంగు పడలేదు. నేను తొందరలో ఉత్తది బిగించిన బిళ్ళ అలాగే ఉంది. చెయ్యి పెట్టాను. బిళ్ళంతా చిల్లులు. కడ్డీ మాత్రం రాయిలా ఉంది.

నీళ్ళలోనే నాకు అర్థమైపోయింది. ఉప్పునీళ్ళు ఏదో ఒకటి తింటాయి. జింకు దొరికితే జింకు తింటాయి, కడ్డీ జోలికి రావు. నేను జింకుకి రంగేసి దాచేస్తుంటే అవి కడ్డీని తింటూ వచ్చాయి. బల్ల మీద పెట్టిన రెండు బిళ్ళల్లో పని చేసింది వాడిది. ఊరికే కూర్చున్నది నాది. ఆ బిళ్ళ చూపించి నేను ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేశాను.

పైకొచ్చాను. "ఎలా ఉంది గంగరాజూ?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"బాగానే ఉందండి" అన్నాను.

అవును, అనేశాను. ఆ చోటు పోతుందని భయం. ఇంటికి వెళ్తే చిట్టెమ్మ నా సంచీలో జంతికలూ సున్నుండలూ సర్దుతోంది. "తాతగారి తర్వాత మీరేనండి సముద్రం మీదకెళ్ళేది" అని ఒకటే సంబరం. ఒక్క ముద్ద దిగలేదు నాకు. నడిసముద్రంలో ఆ కడ్డీ విరిగితే చుక్కాని ఊడిపోతుంది. పడవ ఎటు కొట్టుకుపోతుందో, ఎక్కడ బోల్తా పడుతుందో. ముగ్గురం పోతాం. అయినా ఒక మనసు, నాలుగు రోజులకేం కాదులే అంటోంది. ఇంత నీచుణ్ణని నాకే తెలియదు.

తెల్లారాక బండి వేసుకుని కోరంగి దారిలో ఉన్న ఐజాక్ ఇంటికి వెళ్ళాను. తప్పు ఒప్పుకోవడానికి అనుకునేరు, కాదు. మూడో కంటికి తెలియకుండా వాడి చేత కడ్డీ మార్పించుకుందామని. వాడు ఇంట్లో లేడు. వాడి భార్య కృపారాణి కుర్చీ వేసింది.

"ఇప్పుడే వచ్చేస్తారండి. టీ పెట్టమంటారా?"

నా కళ్ళు పెరటి గోడకి ఆనించిన చెక్క మీద పడ్డాయి. తలుపంత చెక్క. ఎర్రరంగు, మా క్లబ్బు రంగే. పూత మీద పూత, గోకిన చోట మళ్ళీ పూత.

"అదాండీ!" అని కృపారాణి నవ్వింది. "పని లేని రోజల్లా దాంతోనేనండి. వేస్తారు, గోకేస్తారు, మళ్ళీ వేస్తారు. గంగరాజు గారి చెయ్యి నాకెందుకు రాదే అని ఒకటే తిట్టుకోవడం. ఏమనుకోకండి, మీరంటే కుళ్ళండీ ఆయనకి!"

సిగ్గు లేకుండా చెప్తున్నాను, ముందు నాకు కడుపు చల్లబడింది. లేచెళ్ళి ఆ చెక్కని దగ్గర్నుంచి చూశాను. అంతా బ్రష్షు గీతలు, అక్కడక్కడా రంగు జారి ధారలు కట్టింది. వాడికి రాదు! ఎంత హాయిగా ఉందో! ఆ హాయి ఎంతోసేపు లేదు. రెండేళ్ళు వాడు నన్ను చూసి కుళ్ళుకున్నాడు, నేను వాణ్ణి చూసి కుళ్ళుకున్నాను. వాడి కుళ్ళు చెక్క మీద తీర్చుకున్నాడు. నేను నా కుళ్ళు వాడి మీద తీర్చుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

ఐజాక్ వచ్చాడు. నన్ను చూసి ఆ చెక్కకి అడ్డంగా నిలబడబోయాడు, వెర్రివాడు. నేను గడగడా అంతా చెప్పేశాను.

"ఇప్పుడు కడ్డీ ఎంతుందండి?"

చిటికెనవేలు చూపించాను. వాడి మొహం పాలిపోయింది.

"నీళ్ళలో మార్చలేమండి. పడవ పైకి లాగాలి. సారుకి చెప్పాలండి."

"చెప్తే నా చోటు పోతుందయ్యా."

"పోతుందండి" అన్నాడు. పోదులెండి అని ఒక్క అబద్ధం ఆడొచ్చుగా! ఆడలేదు. "నన్ను చెప్పమంటారా అండి?" అన్నాడు.

"వద్దు. నేనే చెప్తాను."

చెప్పాను. క్లబ్బులో, అందరి ముందూ, వరండాలో ఆ బిళ్ళలు పెట్టిన బల్ల దగ్గరే నిలబడి చెప్పాను. "మరి నిన్న బాగుందన్నావు?" అన్నారు ఉదయభాస్కర్ గారు. "అబద్ధమండి" అన్నాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ వేసుకోలేరు. పడవ లాగించారు. ఐజాక్ సుత్తి తీసుకుని కడ్డీని ఒక్కసారి, నెమ్మదిగా తట్టాడు. రెండు ముక్కలై కింద పడింది.

"ఐజాక్, నువ్వొస్తున్నావు నాతో" అన్నారు ఉదయభాస్కర్ గారు. తర్వాత నా మొహం చూడకుండా, "గంగరాజూ, రంగేసి ఇంటికి పో" అన్నారు.

కొత్త కడ్డీ, కొత్త జింకు బిగించారు. నేను రంగు కలిపి కూర్చున్నాను. చుక్కాని దాకా బాగానే వచ్చాను. జింకు దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగనంది. నలభై ఏళ్ళ అలవాటు, ఉత్త చోటు కనబడితే బ్రష్షు దానంతటదే పోతుంది. రెండుసార్లు పోయింది, రెండుసార్లూ గుడ్డతో తుడిచాను. ఐజాక్ చూస్తున్నాడు. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, తన అరచెయ్యి ఆ జింకు మీద బోర్లించాడు.

"ఇప్పుడు వెయ్యండి" అన్నాడు.

వాడి వేళ్ళ చుట్టూ రంగేశాను. వాడు నా మొహం చూడటం లేదు, నా మణికట్టు చూస్తున్నాడు. గీత పడకుండా బ్రష్షు ఎక్కడ ఎత్తుతానో, ఎటు తిప్పుతానో కనిపెడుతున్నాడు. నా పనితనం దొంగిలిస్తున్నాడని నాకు తెలుసు. మా నాన్న నాకు తప్ప ఎవరికీ చూపించని తిప్పు అది. రేపొద్దున ఈ పడవలో నా చోట కూర్చునేది వీడే. చెయ్యి విసురుగా తిప్పేసి లేచిపోవచ్చు నేను.

నెమ్మది చేశాను. వాడికి కనబడేలా, ఒకటికి మూడుసార్లు.

మర్నాడు పొద్దున్నే తెరచాప ఎత్తుకుని వెళ్ళిపోయారు. చిట్టెమ్మ సర్దిన సంచీ వాడికే ఇచ్చి పంపాను. ఒడ్డున నిలబడి, ఆ తెరచాప కనబడినంతసేపూ కుళ్ళుకున్నాను. వాళ్ళు క్షేమంగా వెళ్ళొచ్చారు, మీరు వాడి గురించి రాసుకుంటున్నారు, నేను ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఏం చెయ్యమంటారు చెప్పండి?